ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద నాన్నగారి స్టూడియో 120 ఫిలిం నెగటివ్‌లు: షార్ప్‌గా రావట్లేదు, ముఖాల మీద ఎర్ర మరకలు

గోదారి_గట్టు (హైదరాబాద్), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారికి అమలాపురంలో ఫోటో స్టూడియో ఉండేది. 1971లో పెట్టి 1998 దాకా నడిపారు. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద మూడు రేకు పెట్టెలు దొరికాయి. అన్నీ 120 సైజు ఫిలిం నెగటివ్‌లే. యాషికా మ్యాట్‌తో తీసినవి కాబట్టి అన్నీ ఆరు బై ఆరు సెంటీమీటర్ల చదరాలు. ఎక్కువ బ్లాక్ అండ్ వైట్, ఒక పెట్టెలో సగం మాత్రం కలర్. స్ట్రిప్పులుగా లేవు. కస్టమర్ వారీగా ఒక్కో ఫ్రేమ్ కత్తిరించి, బటర్ పేపర్ కవర్లో పెట్టి, పైన పెన్సిల్‌తో బిల్లు నంబరు, సంవత్సరం వేశారు. లెక్కపెట్టలేదు కానీ రెండు వేలకు తక్కువ ఉండవు.

సెకండ్ హ్యాండ్‌లో ఎప్సన్ వి600 కొన్నాను. నా సమస్యలు ఇవీ:

6400 డీపీఐలో (అంగుళానికి 6400 చుక్కలు) స్కాన్ చేసినా ఫోటో మెత్తగా వస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే నెగటివ్‌లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, స్కాన్‌లో ముద్దగా ఉన్నాయి. ఒకే ఫ్రేమ్‌లో అంచులు ఒకలా, మధ్య ఒకలా ఉంటున్నాయి.

డస్ట్ తీసే డిజిటల్ ఐస్ ఆన్ చేస్తే ముఖాలు పాడైపోతున్నాయి. జుట్టు, మీసాలు పులుముకుపోయినట్టు వస్తున్నాయి.

మూడోది, చాలా నెగటివ్‌లలో ముఖాల మీద లేత ఎర్రటి మరకలున్నాయి. ఫంగస్ అనుకుని ఒకదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన దూదితో తుడిచాను. దూది గులాబీ రంగుకి మారింది, మరక చాలావరకు పోయింది. మిగతావన్నీ ఇలాగే కడిగేయొచ్చా? రేపు ఆదివారం, మా వారితో కలిసి ఒక వంద దాకా కడుగుదామని అనుకుంటున్నాం.

---

ఎర్రబల్బు (తెనాలి), శనివారం రాత్రి 10:05

అమ్మా, దయచేసి రేపు ఒక్క నెగటివ్ కూడా కడగకండి. ముందు ఇది చదవండి, మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

అది ఫంగస్ కాదు, మీ నాన్నగారి చేతిపని. నేను 1976 నుంచి స్టూడియోల్లో టచింగ్ పని చేసినవాణ్ణి. ఆ ఎర్ర డైని సన్న బ్రష్షుతో నెగటివ్ మీద, ముఖం వరకే, పొర మీద పొరగా వేసేవాళ్లం. నెగటివ్‌లో ఎక్కడ సాంద్రత పెరిగితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. ముఖం రంగు తేల్చడానికి, కళ్ల కింద నీడలు తగ్గించడానికి అదే మా సాధనం. పెళ్లిచూపులకి పంపే ఫోటో అయితే చెప్పక్కర్లేదు. పిల్ల తండ్రి పక్కనే కూర్చుని "ఇంకొంచెం తెలుపు చెయ్యండి" అని అడిగేవాడు.

ఎరుపే ఎందుకంటే బ్రోమైడ్ పేపర్‌కి ఎరుపు కనిపించదు. నీలి కాంతి ఒక్కటే దానికి గట్టిగా తగులుతుంది. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగినా పేపర్ పాడవకపోవడానికి కారణం అదే. నెగటివ్ మీద ఎర్ర డై ఉంటే ఎన్‌లార్జర్ వెలుతురులోని నీలాన్ని ఆపేస్తుంది, పేపర్‌కి అక్కడ నల్లటి అడ్డం పెట్టినట్టే. మన కంటికి మాత్రం డై వెనక ఏముందో చక్కగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎంత వేశామో చూసుకుంటూ పని చేయొచ్చు.

ఆ డై నీటిలో కరుగుతుంది. మీ దూదికి అంటిన గులాబీ రంగు అదే.

ఇంకోటి. ఎమల్షన్ వైపు, అంటే మెరుపు లేని వైపు, టేబుల్ ల్యాంప్ కింద నెగటివ్‌ని ఏటవాలుగా పట్టుకుని చూడండి. బుగ్గల మీద, నుదుటి మీద సన్నగా వెండిలా మెరిసే గీతలు కనిపిస్తే అది పెన్సిల్ టచింగ్. గట్టి రకం పెన్సిల్‌ని గరుకు కాగితం మీద సూదిలా చెక్కి, వార్నిష్ లాంటి మందు రాసిన చోట చుక్కలు చుక్కలుగా పెట్టేవాళ్లం. స్పిరిట్ తగిలితే ఆ మందుతో పాటు పెన్సిలూ పోతుంది. కాబట్టి నీళ్లు వద్దు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా వద్దు. రబ్బరు బ్లోయర్, మెత్తటి బ్రష్షు, అంతవరకే. బ్రష్షు కూడా మెరిసే వైపు మాత్రమే.

---

గోదారి_గట్టు, శనివారం రాత్రి 10:21

చదువుతుంటే చేతులు వణికాయండి. తుడిచింది బిల్లు నంబరు 412, 1978 నాటిది. ఎవరో పెళ్లికూతురు. దాన్ని విడిగా తీసి పెట్టాను. మిగతావి కవర్లలో పెట్టేశాను. వెంటనే చెప్పినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

---

టిఫ్_ఫైల్ (బెంగళూరు), శనివారం రాత్రి 11:10

షార్ప్‌నెస్ గురించి నేను చెప్తాను.

పెట్టె మీద రాసిన 6400 డీపీఐ సెన్సర్ తీసుకునే శాంపిళ్ల లెక్క. లెన్స్ నిజంగా విడదీసి చూపగల వివరం వేరు. వివరం ఎంత విడిపోతుందో కొలిచే యూఎస్‌ఏఎఫ్ 1951 చార్ట్ పెట్టి చూసిన టెస్టుల్లో వి600 ఇచ్చేది సుమారు 1500 నుంచి 1600 డీపీఐ. మంచి పేరున్న వి850 అయినా 2300 దగ్గర ఆగిపోతుంది. దీనికి నిరాశపడనక్కర్లేదు, 120 గొప్పతనమే అది. ఆరు బై ఆరు ఫ్రేమ్ అసలు కొలత 56 మిల్లీమీటర్లు. 1600 లెక్కన ఒక్కో వైపు దాదాపు 3500 పిక్సెళ్లు, మొత్తం 12 మెగాపిక్సెళ్ల నిజమైన వివరం. 300 డీపీఐలో పన్నెండు అంగుళాల చదరం ప్రింటు ఢోకా లేకుండా వేయొచ్చు. 35 ఎంఎం ఫిలింని ఇదే స్కానర్ మీద పెడితే ఇందులో మూడో వంతు కూడా రాదు.

6400లో స్కాన్ చేస్తే మీకు వచ్చేది 14,000 పిక్సెళ్ల చదరం. 48 బిట్ కలర్‌లో ఒక్క ఫైలు సుమారు 1.2 జీబీ. రెండు వేల నెగటివ్‌లకి లెక్కేసుకోండి. 3200లో స్కాన్ చేసి, తర్వాత సగానికి తగ్గించుకోండి. నాయిస్ కూడా తగ్గుతుంది. 2400 అయినా పెద్దగా పోయేదేమీ లేదు.

కానీ మీరు చెప్పిన "అంచులు ఒకలా, మధ్య ఒకలా" మాత్రం డీపీఐ సమస్య కాదు. ఫిలిం బల్లపరుపుగా లేదు, లేదా ఫోకస్ ఎత్తులో లేదు. అది డల్లాస్ అన్న చెప్పాలి.

---

ఆరు_బై_ఆరు (డల్లాస్), ఆదివారం ఉదయం 6:30

వచ్చేశాను.

వి600కి ఆటోఫోకస్ లేదు. లెన్స్ ఫోకస్ గాజుకి పైన ఫలానా ఎత్తున ఫిక్స్ అయి ఉంటుంది, ఆ ఎత్తు ఒక్కో యూనిట్‌కి కొద్దికొద్దిగా మారుతుంది. నా పాత వి600లో ఒక ఎత్తు, మా ఫ్రెండ్ దాంట్లో ఇంకో ఎత్తు. వి700, వి850 లాంటి వాటికి ఫిలింని పట్టి ఉంచే హోల్డర్ ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉంది. వి600 హోల్డర్‌కి లేదు. కాబట్టి మీ యూనిట్ ఎత్తు మీరే కనుక్కోవాలి. నేను చేసే పద్ధతి చెప్తాను, ఖర్చు లేదు.

పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే 15 సెంటీమీటర్ల పారదర్శక స్కేలు తీసుకోండి. ఒక చివర గాజుకి ఆన్చి, ఇంకో చివర కింద 6 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టండి. గీతలున్న వైపు కిందికి ఉండాలి. ఫిలిం స్కాన్ అయ్యే మధ్య పట్టీలోనే నిలువుగా పెట్టండి. పైన, హోల్డర్‌కి ఖాళీ గాడి వచ్చే చోట మాత్రం ఏదీ అడ్డం రాకూడదు. స్కానర్ అక్కడే తన వెలుతురు సరిచూసుకుంటుంది, దుమ్ము ఉన్నా స్కాన్ మొత్తం చారలు పడతాయి. ఇప్పుడు ఫిలిం మోడ్‌లో స్కాన్ చేసి, ఏ గీతల దగ్గర అంచు కత్తిలా ఉందో చూడండి. స్కేలు మీద ప్రతి సెంటీమీటరుకి ఎత్తు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఉదాహరణకి 7 సెంటీమీటర్ల దగ్గర షార్ప్‌గా ఉంటే మీ ఫోకస్ గాజుకి 2.8 మిల్లీమీటర్ల పైన ఉన్నట్టు.

తర్వాత హోల్డర్‌లో ఫిలిం ఎంత ఎత్తున కూర్చుంటోందో కొలవండి. మామూలు ఏ4 కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ముక్కలు దొంతరగా పెట్టి ఫిలిం కిందికి జరపండి, ఎన్ని పడితే అంత. తేడా ఎంతో తెలిసిపోతుంది. తక్కువైతే హోల్డర్ నాలుగు మూలల కింద అన్ని కాగితం ముక్కలు అంటించండి.

ఇక వంకర. విడి ఫ్రేముల్ని ఆ హోల్డర్ పట్టుకోలేదు, దాన్ని స్ట్రిప్పుల కోసం చేశారు. నాలుగు వైపులా కత్తిరించిన చదరం నాలుగు వైపులా వంగుతుంది. ఫిలిం ఎప్పుడూ ఎమల్షన్ వైపుకే ముడుచుకుంటుంది. అందుకని ఎమల్షన్ కిందికి, మెరిసే వైపు పైకి పెట్టండి. అప్పుడు అది బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బుతుంది. పైనుంచి యాంటీ న్యూటన్ గాజు ముక్క ఒకటి పెడితే ఉబ్బు దిగిపోతుంది. మామూలు గాజు పెట్టకండి. రెండు నున్నటి తలాలు దగ్గరకి వస్తే నీటి మీద నూనె పడ్డట్టు రంగురంగుల వలయాలు వస్తాయి. యాంటీ న్యూటన్ గాజుకి ఒక వైపు చాలా సన్నటి గరుకు ఉంటుంది, ఆ వైపు ఫిలిం మెరుపుకి తగలాలి. ఎమల్షన్ గాలిలో ఉంటుంది కాబట్టి పెన్సిల్ పనికి ఏమీ కాదు. బొమ్మ అద్దంలోలాగా తిరగబడి వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా తిప్పుకోండి.

---

టిఫ్_ఫైల్, ఆదివారం ఉదయం 8:15

డిజిటల్ ఐస్ సంగతి మర్చిపోయాను. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఇంకోసారి చూసి, ఆ కాంతిని ఏది ఆపితే దాన్ని దుమ్ము అనుకుంటుంది. కలర్ ఫిలింలో బొమ్మ రంగులతో ఏర్పడుతుంది, రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తాయి. మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ అంటేనే వెండి రేణువులు, అవి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి. పాపం సాఫ్ట్‌వేర్ మీసాన్ని కూడా దుమ్మే అనుకుంటుంది. మీ కలర్ నెగటివ్‌లకి ఐస్ వాడండి, అద్భుతంగా పనిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌కి ఆఫ్.

దుమ్ము విషయంలో మన ఇళ్లకి ఒకటే సూత్రం. స్కాన్ చేసే గదిలో ఫ్యాన్ ఆపేయండి. నేల తడిగుడ్డ పెట్టి, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. నేను ఇది చేశాక ఫోటోషాప్‌లో చుక్కలు చెరిపే పని సగం తగ్గింది.

షార్ప్‌నింగ్, ఆటో ఎక్స్‌పోజర్ రెండూ ఆపి, హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) రెండు చివర్లూ తెగకుండా చూసుకోండి. ఎప్సన్ స్కాన్ తనంతట తానే కాంట్రాస్ట్ పెంచేస్తుంది, తెల్ల పంచెల మడతలు అన్నీ పోతాయి. కొత్త కంప్యూటర్‌లో పాత డ్రైవర్ పనిచేయకపోతే వ్యూస్కాన్ చూడండి, కంపెనీలు వదిలేసిన స్కానర్లు కూడా చాలా దాంతో నడుస్తాయి.

---

మాక్రో_కన్ను (విశాఖపట్నం), ఆదివారం మధ్యాహ్నం 1:00

ఇంత తంటా ఎందుకండీ? కెమెరాకి మాక్రో లెన్స్, కాపీ స్టాండు, మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ ఉంటే నెగటివ్‌నే ఫోటో తీసేయొచ్చు, ఒక్కోదానికి అర నిమిషం. స్కానర్ మీద గాజు పెట్టి, కాగితాలు అంటించి, నాలుగేసి నిమిషాలు ఎదురుచూస్తే రెండు వేలు ఎప్పటికి అవుతాయి? నేను మా తాతగారి నెగటివ్‌లు 300 ఒక్క వారాంతంలో పూర్తి చేశాను.

---

ఆరు_బై_ఆరు, ఆదివారం సాయంత్రం 5:45

వేగం విషయంలో మీతో వాదించను, కెమెరాదే పైచేయి. నాణ్యత లెక్క మాత్రం ఒకసారి చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫ్రేమ్ పొట్టి వైపు 4000 పిక్సెళ్లు. 56 మిల్లీమీటర్ల చదరాన్ని అందులో ఇమిడిస్తే 1800 డీపీఐ. అది కూడా లెన్స్ మూలలదాకా షార్ప్‌గా ఉండి, కెమెరా నెగటివ్‌కి సరిగ్గా సమాంతరంగా ఉంటేనే. చదరం కాబట్టి సెన్సర్‌లో మూడో వంతు వృథా. అంటే సరిగ్గా ఫోకస్ చేసిన వి600 కంటే కాస్త మెరుగు, అంతే. నాలుగు ముక్కలుగా తీసి అతికిస్తే కెమెరా చాలా ముందుకి పోతుంది కానీ అప్పుడు అర నిమిషం అన్న మాట ఉండదు.

ఆవిడ దగ్గర స్కానర్ ఉంది. మాక్రో లెన్స్ లేదు.

---

మాక్రో_కన్ను, ఆదివారం సాయంత్రం 6:20

చదరం లెక్క నేను వేసుకోలేదు, నిజమే. నావన్నీ 35 ఎంఎం. అయినా ఒక సలహా: ముందు ఫోన్ కెమెరాతో, లైట్ బాక్సు మీద, అన్నీ చకచకా ఒక వరస తీసుకోండి. కవరు, దాని మీద నంబరు, పక్కన నెగటివ్, మూడూ ఒకే ఫోటోలో. అది మీకు పట్టిక అవుతుంది. వాటిలోంచి ఏవి స్కాన్ చేయాలో తీరిగ్గా ఎంచుకోవచ్చు. రెండు వేలూ పూర్తి సైజులో అక్కర్లేదు కదా.

---

గోదారి_గట్టు, ఆదివారం సాయంత్రం 7:05

ఇది చాలా బాగుందండీ. రేపటి నుంచే మొదలుపెడతాను.

---

ఓరుగల్లు_ఫ్రేమ్ (వరంగల్), ఆదివారం రాత్రి 9:30

అక్కా, ఎర్రబల్బు సార్ చెప్పింది టచింగ్ గురించి. కానీ ఫంగస్ నిజంగానే ఉంటే? మా ఇంట్ల ఉన్న నెగటివ్‌లకి సాలెగూడు లెక్క తెల్లగా పట్టింది. నేను కూడా నీళ్లతో కడుగుదామనే అనుకున్నా.

---

ఎర్రబల్బు, ఆదివారం రాత్రి 10:15

ఫంగస్‌కి కూడా నీళ్లు వద్దు బాబూ. ఎమల్షన్ అంటే జెలటిన్, ఫంగస్ తినేది దాన్నే. తిన్న చోట జెలటిన్ నీటిలో కరిగిపోయే స్థితికి వస్తుంది. తడి తగిలితే బొమ్మతో సహా ఊడి వస్తుంది. టచింగ్ లేదని గట్టిగా తెలిస్తే 98 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్‌తో, మెరిసే వైపు ముందు, మెల్లగా తుడవొచ్చు. మెడికల్ షాపుల్లో దొరికే 70 శాతం రకం పనికిరాదు, మిగతా 30 శాతం నీళ్లే.

తేడా కనిపెట్టడం సులువు. ఫంగస్‌కి ముఖం, గోడ అన్న తేడా లేదు. వేళ్లలా కొమ్మలు వేసుకుంటూ ఎటు పడితే అటు పాకుతుంది, ఎక్కువగా అంచుల నుంచి లోపలికి వస్తుంది. డై అయితే ముఖం గీత దాటదు. వెలుతురుకి పట్టి చూస్తే పారదర్శకంగా ఎర్రగా ఉంటుంది, జుట్టు దగ్గర ఎంత జాగ్రత్తగా ఆగిందో కనిపిస్తుంది.

ఎండబెట్టడం కోసం ఎండలో పెట్టకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే ఫంగస్ పెరగడం ఆగుతుంది. డబ్బా తీస్తే వెనిగర్ వాసన, అంటే ఆవకాయలో పులుపు ఎక్కువైనట్టు ఘాటు వస్తే మాత్రం అది వేరే జబ్బు. ఫిలిం పునాది అయిన అసిటేట్ విరిగిపోతోందన్నమాట. వాటిని మిగతావాటికి దూరంగా పెట్టి ముందుగా స్కాన్ చేయండి. అది ఆగదు, పైగా పక్కవాటికి కూడా అంటిస్తుంది.

---

గోదారి_గట్టు, బుధవారం రాత్రి 11:20

మూడు రోజులు పట్టింది, ఫలితం చెప్పడానికి వచ్చాను.

స్కేలు టెస్టు మూడుసార్లు చేశాను. ప్రతిసారీ 8కి, 9కి మధ్యే షార్ప్‌గా వచ్చింది, అంటే దాదాపు 3.4 మిల్లీమీటర్లు. హోల్డర్‌లో ఫిలిం కిందికి 25 కాగితాలు పట్టాయి. తేడా 0.9. ఒక్కో మూల కింద తొమ్మిదేసి ముక్కలు అంటించాను. విడి ఫ్రేముల కోసం నల్ల చార్టు పేపర్‌లో 57 మిల్లీమీటర్ల చదరం కిటికీ కత్తిరించి హోల్డర్‌లో పెట్టాను. ఫిలిం దాని మీద అంచుల మీద మాత్రమే ఆనుతుంది, పైన గాజు. చుట్టూ నలుపు ఉండటం వల్ల పక్కల నుంచి వెలుతురు చొరబడటం లేదు, నలుపులు చిక్కగా వస్తున్నాయి.

మొదటి స్కాన్ తెరిచి కళ్ల దగ్గరికి జూమ్ చేశాను. రెప్పల వెంట్రుకలు ఉన్నాయి. ఎడమ కంట్లో చిన్న తెల్లటి దీర్ఘచతురస్రం కనిపించింది. స్టూడియో గుమ్మం. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు, నల్లటి గీతలా. ఆ గుమ్మంలో నేనూ చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడేదాన్ని. ఫోటో 1973 నాటిది, అప్పటికి నేను పుట్టలేదు, అయినా చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఒక చెడ్డ వార్త కూడా. మూడో పెట్టె 1996 నవంబరు తుపానులో తడిసిందట, అమ్మ చెప్పింది. అందులో నలభై యాభై నెగటివ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకలా ఉన్నాయి. విడదీయొచ్చా?

---

ఎర్రబల్బు, గురువారం ఉదయం 7:00

ఆ ఇటుకని ఉన్నది ఉన్నట్టుగా కవర్లో పెట్టి పక్కన ఉంచండి. పొడిగా లాగితే ఒకదాని ఎమల్షన్ ఇంకోదాని వీపుకి అంటి వచ్చేస్తుంది. నానబెడితే విడిపోయేవి కొన్ని ఉంటాయి, కరిగిపోయేవి కొన్ని ఉంటాయి, ఏది ఏదో ముందు తెలియదు. నేనైతే ముట్టుకోను. ఫోటోలు భద్రపరిచే శిక్షణ ఉన్న కన్సర్వేటర్‌కి చూపించే దాకా ఆగండి. ఆ తుపానులో కోనసీమలో ఇల్లే మిగలని వాళ్లున్నారు, మీ నాన్నగారు ఈ పెట్టెలు కాపాడారంటేనే గొప్ప.

---

టిఫ్_ఫైల్, గురువారం ఉదయం 9:40

కళ్లలో గుమ్మం! ఇందుకే 120 అంటే నాకు ప్రాణం.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. బ్లాక్ అండ్ వైట్ కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేయకండి. 48 బిట్ కలర్‌లో, పాజిటివ్ అని పెట్టి స్కాన్ చేసి, తర్వాత నలుపు తెలుపులు తారుమారు చేసుకోండి. ఎర్రబల్బు గారు చెప్పింది చదివాక నాకు తట్టింది. స్కానర్ మూడు ఛానెళ్లు ఇస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎర్ర ఛానెల్‌లో ఆ డై దాదాపు కనిపించకుండా పోతుంది. నీలి ఛానెల్‌లో గట్టిగా అడ్డం పడుతుంది, అచ్చం బ్రోమైడ్ పేపర్‌కి కనిపించినట్టే. అంటే ఒక్క స్కాన్‌లో మీకు రెండు ఫోటోలు వస్తాయి. నీలం చూస్తే మీ నాన్నగారు కస్టమర్ చేతికి ఇచ్చిన ప్రింటు. ఎరుపు చూస్తే ఆయన కెమెరా చూసిన ముఖం.

పెన్సిల్‌కి ఈ కిటుకు పనిచేయదు. గ్రాఫైట్ ఏ రంగునైనా ఒకేలా ఆపుతుంది.

---

ఓరుగల్లు_ఫ్రేమ్, గురువారం సాయంత్రం 6:10

అయితే దాచాల్సింది ఎర్ర ఛానెల్ ఒక్కటే అంటాను. అదే ఆమె అసలు ముఖం. రంగు తేల్చిన ఫోటో ఎందుకు దాచాలి? నల్లగా ఉన్నందుకు ఎంతమంది ఆడపిల్లలు బాధపడ్డరో మా ఇంట్లనే చూసిన. ఇప్పుడు మన చేతికి అసలు ముఖం దొరికినప్పుడు మళ్లీ దాన్నే తెల్లగా చేసి పెట్టుడెందుకు?

---

ఎర్రబల్బు, గురువారం రాత్రి 9:00

బాబూ, నీ మాటలో న్యాయం ఉంది. ఎంతమంది ముఖాలకి నా చేత్తో ఎరుపు వేశానో, వేస్తున్నప్పుడు అవతల కూర్చున్న పిల్ల ముఖం ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. కొంతమంది తల దించుకుని కూర్చునేవాళ్లు.

కానీ ఆ డైని చెరిపేస్తే ఆ పిల్లకి ఏం జరిగిందో కూడా చెరిగిపోతుంది. ఆ ఇంటి గోడ మీద యాభై ఏళ్లు వేలాడింది నీలి ఛానెల్ ఫోటోనే. వాళ్ల పిల్లలు అమ్మ అంటే ఆ ఫోటోనే అనుకుని పెరిగారు. రెండూ ఉంచాలి. 48 బిట్ ఫైలు ముట్టుకోకుండా ఉంచితే రెండూ అందులోనే ఉంటాయి కదా.

---

ఓరుగల్లు_ఫ్రేమ్, గురువారం రాత్రి 9:25

అట్ల ఆలోచించలేదు సార్. ఫైలు ఒక్కటే ఉంచి, ఇంటివాళ్లకి రెండు ప్రింట్లూ చూపిస్తే వాళ్లే చెప్తరు ఏది కావాల్నో.

---

గోదారి_గట్టు, ఆదివారం మధ్యాహ్నం 3:30

ఈ వారం మా మేనత్త ఇక్కడికే వచ్చింది. రెండో పెట్టెలో ఆవిడ నెగటివ్ ఉంది, కవరు మీద బిల్లు నంబరు లేదు, 1974 అని మాత్రం ఉంది. పెళ్లిచూపులకి పంపిన ఫోటో. నాన్నగారే తీశారు, టచింగ్ కూడా ఆయనే చేశారు. అప్పుడు అత్తకి ఇరవై ఏళ్లు.

టిఫ్_ఫైల్ గారు చెప్పినట్టు కలర్‌లో స్కాన్ చేసి, ఎరుపు, నీలం ఛానెళ్లు పక్కపక్కన పెట్టి చూపించాను. నీలంలో ముఖం పున్నమి చంద్రుడిలా ఉంది. ఎరుపులో అత్త ఇప్పుడు ఏ రంగులో ఉందో ఆ రంగు, కళ్ల కింద కొంచెం అలసట. నేను ఏమీ అడగలేదు. అత్త కళ్లజోడు పెట్టుకుని రెండూ చూసింది. తర్వాత వేలు తెచ్చి, ఎరుపు ఫోటోలో కుడి కనుబొమ్మ పైన పెట్టింది.

"ఇక్కడ ఆటలమ్మ మచ్చ ఉండాలే, ఏదీ?" అంది. చేత్తో తన నుదురు తడుముకుంది. మచ్చ ఇప్పటికీ ఉంది.

పూర్తిగా జూమ్ చేశాను. కామాల్లాంటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వంపులో. పెన్సిల్. ఛానెల్ మార్చినా అలాగే ఉన్నాయి.

అప్పుడు నెగటివ్‌ని ల్యాంప్ కింద ఏటవాలుగా పట్టి చూపించాను, ఎర్రబల్బు గారు చెప్పినట్టు. మచ్చ ఉన్నచోట బియ్యపు గింజలో సగం కూడా లేని మెరుపు. అత్త భూతద్దం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. "మీ నాన్న రెండు రాత్రులు కూర్చున్నాడే దీనికి. కరెంటు పోతే కిరసనాయిలు దీపం అద్దం వెనక పెట్టుకుని" అంది. ప్రింటు ఏది కావాలని అడిగితే రెండూ ఇమ్మంది. ఎరుపుది పెద్దది చేసి ఇమ్మంది.

పన్నెండు అంగుళాల చదరం ఆర్డర్ పెట్టాను. ఫైలు పేర్లు సంవత్సరం, బిల్లు నంబరు, పెట్టె నంబరు వరసలో ఇస్తున్నాను. అసలు 48 బిట్ టిఫ్‌లు రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి అమలాపురంలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇప్పటికి 61 అయ్యాయి.

బిల్లు నంబరు 412 కూడా స్కాన్ చేశాను. నేను తుడిచిన చోట నీలి ఛానెల్‌లో ముఖం మీద మచ్చలు మచ్చలుగా వస్తోంది. ఎర్రబల్బు గారూ, చెవి దగ్గర, మెడ మీద డై ఇంకా మిగిలి ఉంది. దాన్ని చూసి ముఖం మీద ఎంత వేసి ఉంటారో అంచనా కట్టి, కాపీ ఫైలులో మళ్లీ వేయడం కుదురుతుందా?

---

ఎర్రబల్బు, ఆదివారం సాయంత్రం 4:10

కుదురుతుంది అమ్మా. మెడ మీద ఎంత ఉందో ముఖం మీద దానికంటే ఒక పొర ఎక్కువ వేసేవాళ్లం, మెడకి నీడ కొంచెం ఉంచాలి కాబట్టి. ఆ కాలం నాటి ఇంకో ఐదారు పెళ్లికూతుళ్ల నెగటివ్‌లు, డై చెక్కుచెదరనివి, స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. మీ నాన్నగారి చెయ్యి ఎలా నడిచేదో చూసి చెప్తాను.